మా ఊరి గోడలో విక్టోరియా కాలపు పచ్చ పోస్టు డబ్బా ఉంది, ఆ గోడ కూల్చేస్తామంటున్నారు. ఏం చేయాలి?

షానన్_ఒడ్డున:
నమస్తే అందరికీ. మేము మూడేళ్ళ కిందట డబ్లిన్ వదిలేసి ఐర్లండ్ మధ్య భాగంలో ఒక చిన్న పల్లెకి మారాం, ఊరి పేరు రాయను. మా సందు చివర నాలుగు రోడ్ల కూడలి ఉంది, అక్కడో పాత రాతి గోడ, ఆ గోడలో బిగించిన పోత ఇనుప పోస్టు డబ్బా. దానికి దేశమంతా ఉన్న డబ్బాల్లాగే పచ్చ రంగు వేశారు, సగం ఐవీ తీగ కప్పేసింది. నెల కిందట మా పాపతో కలిసి తీగ పక్కకి జరిపి చూస్తే తలుపు మీద కిరీటం, దాని కింద వి, ఆర్ అని రెండు అక్షరాలు ఉన్నాయి. వందేళ్ళుగా రంగు మీద రంగు వేశారేమో, ఆర్ అక్షరం కాలు పూర్తిగా పూడిపోయింది, వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. కింద నేలలో ఒక చదునైన రాయి కూడా ఉంది, ఎందుకు పెట్టారో తెలియదు.

మొన్న సోమవారం ఆ గోడ మీద తెల్ల రంగుతో గీతలు గీశారు. పనివాళ్ళని అడిగితే మలుపులో బండ్లు కనపడటం లేదు, గోడ కొట్టేసి వెనక్కి జరుపుతాం అన్నారు. మరి డబ్బా సంగతేంటి అంటే, తీసి పక్కన పడేస్తాం, అందులో ఉత్తరాలు ఎవరు వేస్తున్నారు ఇప్పుడు అన్నాడు ఒకాయన. నేను వేస్తున్నాను, మా పక్కింటావిడ వేస్తున్నారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇలాంటి వాటికి ఏదైనా రక్షణ ఉంటుందా? ఎవరితో మాట్లాడాలి?

గోదారి_గట్టు:
షానన్ గారూ, ముందు డబ్బా అడుగు భాగం చూడండి. పోత పోసిన కంపెనీ పేరు సాధారణంగా అక్కడే ఉంటుంది, వయసు తెలిసేది దాన్ని బట్టే. వి, ఆర్ అంటే విక్టోరియా రెజీనా, లాటిన్‌లో విక్టోరియా రాణి అని, అంటే 1901కి ముందుదే. అందులో సందేహం లేదు.

ఈ గోడ డబ్బాల సంగతి కాస్త చెప్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం. ఆంథొనీ ట్రాలప్ అని ఇంగ్లండ్ నవలాకారుడు, ఆయన అసలు ఉద్యోగం తపాలా శాఖలో. 1841లో గుమాస్తాగా ఐర్లండ్‌లోని బానహర్‌కి వచ్చారు, అది ఇప్పటి ఆఫలీ కౌంటీలో షానన్ నది ఒడ్డున ఉన్న ఊరు, మీకు దగ్గరే అయ్యుండొచ్చు. పల్లెల్లో ఉత్తరాలు ఎలా చేరుతున్నాయో చూడటమే ఆయన పని. తర్వాత ఫ్రాన్స్ తీరం పక్కనున్న ఛానెల్ దీవులకి పంపితే, రోడ్డు పక్కన ఇనుప పెట్టెలు పెట్టి జనం వాటిలోనే ఉత్తరాలు వేసేలా చేద్దాం అని సిఫార్సు చేశారు. 1852లో ఆ దీవుల్లో ఒకటైన జెర్సీలో మొదటివి పెట్టారు. 1855కల్లా డబ్లిన్, బెల్‌ఫాస్ట్‌లకి నిలువు డబ్బాలు వచ్చేశాయి.

నిలువు డబ్బా బరువైనది, ఖరీదైనది, నాలుగు ఇళ్ళున్న కూడలికి అంత డబ్బు ఎవరు పెడతారు? అందుకని 1857లో గోడలో బిగించే చిన్న పెట్టెలు మొదలుపెట్టారు. మొదట్లో వచ్చిన వాటి నోటి మీద చూరు లేదు, వాన లోపలికి పోయి ఉత్తరాలు తడిసేవి, రెండేళ్ళలోనే పైన చూరు లాంటి అంచు పెట్టి మార్చారు. మీ డబ్బా నోటి మీద అంచు ఉందా చూడండి. పల్లెకి తపాలా దగ్గరైంది ఈ చిన్న పెట్టెల వల్లే, పట్నం డబ్బాల వల్ల కాదు.

కిల్దేర్_కుర్రాడు:
ఎవరూ ఏమీ అనుకోకండి, నాకు అనిపించింది సూటిగా చెప్తున్నాను. అది ఇంగ్లండ్ రాణి కిరీటం ఉన్న ఇనుప పెట్టె. ఈ దేశం వాళ్ళని ఎన్ని కష్టాలు పెట్టిన ప్రభుత్వం అది. విక్టోరియా సింహాసనం మీద ఉన్నప్పుడే కదా ఇక్కడ ఆలుగడ్డ కరువు వచ్చి పది లక్షల మంది చచ్చిపోయింది. మన తాతలు కూడా అదే కిరీటం కింద బతికారు. దాన్ని వారసత్వం అని మనం ఎందుకు కాపాడాలి? ఐరిష్ వాళ్ళకే పట్టనప్పుడు మనం మధ్యలో దూరడం సరైందేనా అని కూడా నా అనుమానం.

కార్క్_అక్క:
తమ్ముడూ, నువ్వు అడిగింది మంచి ప్రశ్న, నేనూ ఇక్కడికి వచ్చిన కొత్తలో అదే అడిగాను. ఒక్కసారి 1922 సంగతి చూడు. ఐర్లండ్ బ్రిటిష్ పాలన నుంచి బయటపడి కొత్త ప్రభుత్వం వచ్చింది, చేతిలో డబ్బు లేదు, దేశంలో అంతర్యుద్ధం. ఊరూరా రాజు గుర్తులున్న ఎర్ర డబ్బాలు ఉన్నాయి. అన్నీ పీకేసి కొత్తవి పోత పోయించడం అయ్యే పని కాదు. ఏం చేశారు? పచ్చ రంగు వేశారు. కిరీటం అలాగే ఉంది, పైన ఐర్లండ్ రంగు వచ్చింది. తపాలా బిళ్ళల విషయంలో కూడా అదే పని చేశారు. 1922 ఫిబ్రవరిలో జార్జి రాజు బొమ్మ ఉన్న బ్రిటిష్ స్టాంపులనే తీసుకుని వాటి మీద ఐరిష్ భాషలో ఐర్లండ్ తాత్కాలిక ప్రభుత్వం అని అచ్చు వేసి అమ్మారు, రాజు మొహం మీదే అన్నమాట. ఆ డిసెంబరులో గానీ ద్వీపం పటం ఉన్న సొంత స్టాంపు రాలేదు.

అందుకని నాకు ఆ పచ్చ పొర కింద కిరీటం కనపడితే రాణి గుర్తుకు రాదు, బ్రష్ పట్టుకుని రంగు వేసినవాడు గుర్తొస్తాడు. కిరీటం చెక్కేస్తే వాడు చేసిన పని కూడా కనపడకుండా పోతుంది. ఉత్త పచ్చ డబ్బా మిగులుతుంది, అందులో కథ ఉండదు.

ఇక ఐరిష్ వాళ్ళకి పట్టదు అన్నది నిజం కాదు. 1916లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు జరిగింది డబ్లిన్ పెద్ద పోస్టాఫీసులోనే కదా, తపాలా అంటే వీళ్ళకి మామూలు విషయం కాదు.

కిల్దేర్_కుర్రాడు:
అక్కా, స్టాంపుల సంగతి నాకు నిజంగా తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ కరువులో పోయినవాళ్ళ ఊళ్ళలో ఆ కిరీటం ఉండటం నాకు ఇంకా బాధగానే ఉంది, అది ఒక్క మాటతో పోయేది కాదు.

కార్క్_అక్క:
పోనక్కర్లేదు. ఆ బాధ ఉండాల్సిందే.

అచ్చు_పోత:
నేను హైదరాబాద్ బాలానగర్‌లో పదకొండేళ్ళు ఫౌండ్రీలో చేసి ఇక్కడికి వచ్చాను కాబట్టి ఇనుము గురించి రెండు మాటలు. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ, మూడు శాతం పైమాటే. అందుకే ఇసుక అచ్చులో చక్కగా పారుతుంది, కిరీటం లాంటి చిన్న చిన్న గీతలు కూడా స్పష్టంగా వస్తాయి. అదే కార్బన్ వల్ల పెళుసు కూడా. చేత ఇనుములా వంగదు, దెబ్బ తగిలితే పగులుతుంది. జేసీబీ బకెట్ ఒక్కసారి తగిలిందంటే ఆ డబ్బా రెండు ముక్కలు. గోడ కొట్టేటప్పుడు దాన్ని చేత్తోనే విప్పాలి, చుట్టూ రాళ్ళు ఒక్కొక్కటిగా తీసి. ఈ మాట పనివాళ్ళకి ఇప్పుడే చెప్పండి.

పగిలితే వెల్డింగ్ చేస్తామంటారు, ఒప్పుకోకండి. మామూలు వెల్డింగ్ వేడికి పక్కనే ఇంకో పగులు వస్తుంది. చల్లగానే పగులు పొడవునా కన్నాలు వేసి లోహపు తాళాలు బిగించి కుట్టినట్టు కలిపే పద్ధతి ఉంది, పాత ఇంజన్ బ్లాకులకి చేస్తారు, అది అడగండి.

ఇంకోటి, రంగు మీరు గీకకండి. పాత పొరల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకితే ఆ దుమ్ము మీ పాప పీల్చుకుంటుంది. సబ్బు నీళ్ళు, మెత్తటి నైలాన్ బ్రష్, అంతే. ఇనుము పైన పోతలో వచ్చిన గట్టి పొర ఒకటి ఉంటుంది, తుప్పుని అడ్డుకునేది చాలావరకు అదే, గ్రైండర్ పెట్టి దాన్ని లేపేశారంటే అంతే సంగతులు.

మాయో_మబ్బు:
మా ఊళ్ళో ఉన్నది అచ్చం ఇలాంటిదే, కానీ దాని మీద కిరీటం లేదు, పీ, టీ అని గేలిక్ అక్షరాల్లో ఉండి మధ్యలో 7 అంకెలాంటి గుర్తు ఉంది. ఇన్నాళ్ళూ అది డబ్బా నంబరు అనుకున్నాను!

గోదారి_గట్టు:
ఆ 7 నంబరు కాదండీ, ఐరిష్ రాతలో "మరియు" అని చెప్పే గుర్తు. పాత లేఖకులు రాత తొందరగా అవడానికి వాడిన సంక్షిప్తం, ఇక్కడ ఇంకా బతికి ఉంది. తపాలా మరియు తంతి శాఖ అని అర్థం. 1984 జనవరి 1న ఇప్పటి తపాలా సంస్థ ఆన్ పోస్ట్ వచ్చేదాకా ఆ శాఖే ఉండేది. కాబట్టి మీది స్వతంత్రం తర్వాతది, బహుశా ఇక్కడే పోత పోసింది. డబ్లిన్‌లో టాంగ్ అండ్ టాగర్ట్, హామండ్ లేన్, వెక్స్‌ఫర్డ్ కౌంటీ ఎన్నిస్కోర్తీలో జెస్సప్ డేవిస్, ఈ ఫౌండ్రీల పేర్లు ఏమైనా కనపడతాయేమో వెతకండి. ఎస్, ఈ అని పెనవేసుకున్న అక్షరాలున్నవి ఇంకా ముందువి, ఫ్రీ స్టేట్ కాలానివి, 1922 తర్వాత ఐర్లండ్‌కి మొదట ఉన్న పేరు అదే. రోడ్డు మీద నడుస్తూ పోతే పాలన మారిన ప్రతిసారీ డబ్బా తలుపు మీద అక్షరాలు మారడం కనపడుతుంది, ఇంత చిన్న వస్తువులో దేశ చరిత్ర అంతా ఉంది.

డ్రాయింగ్_బల్ల:
రక్షణ సంగతి అడిగారు కదా, నేను ప్లానింగ్ డ్రాయింగులు గీసే ఆఫీసులో పనిచేస్తాను, నాకు తెలిసినంత చెప్తాను. రెండు జాబితాలు వేరు వేరు, జనం కలిపేస్తారు. ఒకటి జాతీయ కట్టడాల వారసత్వ సర్వే, దాని వెబ్‌సైట్‌లో కౌంటీ వారీగా వెతకొచ్చు, పోస్టు డబ్బాలు చాలానే ఉన్నాయి, చాలావాటికి ప్రాంతీయ ప్రాముఖ్యం అని రేటింగ్ ఇచ్చారు. కానీ అందులో పేరు ఉన్నంత మాత్రాన చట్టపరమైన రక్షణ రాదు. రెండోది మీ కౌంటీ అభివృద్ధి ప్రణాళికకి జత చేసే రక్షిత కట్టడాల జాబితా. ప్లానింగ్ చట్టం కింద అసలు బలం దానిదే. అందులో ఉంటే దాని రూపం మారే పని ఏదైనా అనుమతి లేకుండా చేయకూడదు.

ఏ జాబితాలో లేకపోయినా చేతులెత్తేయకండి. కౌంటీ హెరిటేజ్ ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టండి, ఫోటోలు, మ్యాప్ మీద చుక్క, గోడ మీద గీతల ఫోటో జత చేయండి. డబ్బా ఆన్ పోస్ట్‌ది, గోడ వేరేవాళ్ళది, కాబట్టి ఇద్దరికీ ఒకే మెయిల్ వెళ్ళాలి, లేకపోతే ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసేస్తారు. ఇంగ్లిష్ చాలా పొడుగ్గా రాయకండి, నాలుగు వాక్యాలు చాలు. పని మొదలయ్యే తేదీ మొదటి వాక్యంలోనే ఉండాలి.

ఎన్నిస్కిల్లెన్_డ్రైవర్:
నేను సరిహద్దు దాటుతూ వ్యాన్ నడుపుతాను. పెట్టిగో అని ఊరుంది, చిన్న ఏరు మధ్యలో నుంచి పోతుంది, ఒక గట్టు ఐర్లండ్‌లోని డొనెగల్, అవతలి గట్టు బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని ఫెర్మానా, అక్కడ ఊరి పేరు టల్లీహోమన్. ఈ గట్టున డబ్బా పచ్చ, ఆ గట్టున ఎరుపు. చెక్‌పోస్టు లేదు, బోర్డు చూసేలోపే దాటేస్తాం, నేను ఏ దేశంలో ఉన్నానో నాకు చెప్పేవి రోడ్డు పక్క గీతల రంగు, పోస్టు డబ్బా. అందుకే ఈ డబ్బాలంటే నాకు ఇష్టం. షానన్ గారూ, వదలకండి.

షానన్_ఒడ్డున:
అందరికీ చాలా థాంక్స్. నిన్న సబ్బు నీళ్ళు, బ్రష్ పట్టుకెళ్ళాను. అడుగున "అలెన్" అని, పక్కన "లండన్" అని వచ్చింది, మిగతాది రంగులో పూడిపోయింది. నోటి మీద చూరు ఉంది. తలుపు అంచున చిన్న పెచ్చు దానంతట అదే ఊడిన చోట పచ్చ కింద ముదురు ఎరుపు కనపడింది, చూడగానే ఒళ్ళు జలదరించింది.

డబ్బా లోపల నత్తలు కూడా ఉన్నాయట, పోస్ట్‌మ్యాన్ చెప్పాడు, ఉత్తరాల అంచులు కొరికేస్తాయట.

గోదారి_గట్టు:
అలెన్ అంటే డబ్ల్యూ. టి. అలెన్ కంపెనీ, వాళ్ళు గోడ డబ్బాలు 1881 నుంచి చేశారు. విక్టోరియా 1901 దాకా. అంటే మీ డబ్బా ఆ ఇరవై ఏళ్ళ మధ్యది! ఇంకో విషయం. బ్రిటిష్ వాళ్ళ డబ్బాలు కూడా ఒకప్పుడు పచ్చగానే ఉండేవి, 1859లో పచ్చ ఖాయం చేసి, పచ్చిక మధ్యలో కనపడటం లేదని జనం అంటే 1874 నుంచి ఎరుపుకి మార్చారు. 1860ల నాటి డబ్బా అయితే పచ్చ, ఎరుపు, మళ్ళీ పచ్చ అని మూడు జన్మలు ఎత్తి ఉండేది. మీది మాత్రం ఎర్రగానే పుట్టింది.

అచ్చు_పోత:
ఒక్క హెచ్చరిక. పచ్చ కింద కనపడిన ఎరుపు 1922కి ముందు రంగే అని అప్పుడే అనుకోకండి. ఇనుముకి తుప్పు పట్టకుండా అడుగున వేసే పూత కూడా ఎర్రగానే ఉంటుంది, ఇటీవల ఎప్పుడో రంగు వేసినప్పుడు వేసిందీ కావచ్చు. ఊడిన పెచ్చుని పారేయకండి, కవర్లో దాచండి. అడ్డంగా భూతద్దంలో చూస్తే పొరలు వరసగా కనపడతాయి. ఎరుపు కింద ఇంకో పచ్చ ఉంటే అది పూత. ఎరుపు మీద ఎరుపు చాలా పొరలుండి, వాటి పైనే మొదటి పచ్చ ఉంటే, అప్పుడు మీరు చూసింది 1922 అంచునే.

షానన్_ఒడ్డున:
నాలుగు వారాలైంది, రాయడం ఆలస్యమైంది, సారీ.

డబ్బా ఏ జాబితాలోనూ లేదు. మొదటి మెయిల్‌కి జవాబు రాలేదు, రెండోదానికి డ్రాయింగ్_బల్ల గారు చెప్పినట్టు తేదీ మొదటి వాక్యంలో పెట్టాను, మర్నాడే ఫోన్ వచ్చింది. హెరిటేజ్ ఆఫీసర్ స్వయంగా వచ్చి చూశారు. గోడ వెనక్కి జరపడం ఆగదు, ఆ మలుపులో పోయినేడాది ఒక సైకిల్ మనిషికి దెబ్బలు తగిలాయి, కాబట్టి నేనూ దానికి అడ్డు చెప్పలేదు. కానీ డబ్బాని చేత్తో విప్పి, అవే రాళ్ళతో కొత్త గోడ కట్టి, అదే మూలలో అదే ఎత్తులో మళ్ళీ బిగించేలా ఒప్పుకున్నారు. సిమెంటు వద్దు సున్నమే వాడాలి అని ఆఫీసరే చెప్పారు, సిమెంటు తేమని పట్టి ఉంచి ఇనుముని వెనక నుంచి తినేస్తుందట.

పెచ్చు ఆ ఆఫీసర్‌కి ఇచ్చాను. భూతద్దంలో చూసి, కింద ఎరుపు నాలుగు పొరలు, ఆ పైన అంతా పచ్చే, పొరలు లెక్కపెట్టడం కష్టం అన్నారు. అచ్చు_పోత గారూ, మీరు లేకపోతే ఆ పెచ్చు చెత్తలో పడేసేదాన్ని.

కిల్దేర్_కుర్రాడు:
నాలుగు ఎర్ర పొరలా! శనివారం మా పిల్లల్ని తీసుకుని చూడటానికి రావచ్చా అండీ? మొదట అన్న మాటలు వెనక్కి తీసుకోవడం లేదు, కానీ ఆ అంచు నా కళ్ళతో చూడాలని ఉంది.

షానన్_ఒడ్డున:
తప్పకుండా రండి, భోజనం మా ఇంట్లోనే. ఇంకో విషయం చెప్పడం మర్చిపోయాను. డబ్బా కింద చదునైన రాయి ఉందని మొదట్లో రాశాను కదా. పక్కింటావిడకి ఎనభై ఏళ్ళు దాటాయి, డబ్బా విప్పుతుంటే వచ్చి నిలబడ్డారు. ఆ రాయి వాళ్ళ నాన్న పెట్టిందట. అమెరికాలో ఉన్న అత్తకి ఇంట్లో అందరూ కలిసి ఉత్తరం రాసేవాళ్ళట, డబ్బాలో వేసే పని ఈవిడది, నోరు అందక ఏడిస్తే ఆయన పొలంలోంచి ఆ రాయి దొర్లించుకొచ్చి పెట్టాడట. పనివాళ్ళు దాన్ని మట్టితో పాటు లారీలోకి ఎత్తేశారు. నేను పరిగెత్తుకెళ్ళి దింపించాను. నిన్న సాయంత్రం గోడ పని అయ్యాక మళ్ళీ డబ్బా కింద పెట్టారు.

కార్క్_అక్క:
రాయి ఫోటో పెట్టండి!

షానన్_ఒడ్డున:
రేపు పగలు పెడతాను అక్కా. ఇప్పుడు చీకటి పడిపోయింది, పాప తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఉత్తరం రాస్తోంది, పొద్దున అది వేసేటప్పుడు తీస్తాను.